నాశిక్ దారి మొదట్లో భివండి: సామాన్యుడి వైన్ సీసా వింతలు, విశేషాలు

భివండి సాంచాల (మరమగ్గాల) మీంచి దిగే గుడ్డలో చాలా భాగానికి పేరుండదు. రంగు ఎక్కని, అచ్చు పడని ఆ గుడ్డను ఊళ్లో అందరూ గ్రే అంటారు. దాన్ని లారీకెక్కించి ప్రాసెసింగ్ మిల్లులకు పంపిస్తే అక్కడ రంగు పడుతుంది, ఇస్త్రీ పడుతుంది, చివర్లో ఒక లేబుల్ వచ్చి కూర్చుంటుంది. ఒకే గ్రే పది లేబుళ్ల కింద పది ధరలకు అమ్ముడుపోతుందని ఇక్కడి జాబరుకు తెలుసు, ఇంట్లో కండెలు చుట్టే అమ్మకూ తెలుసు. గుడ్డ ధర వేరు, లేబుల్ ధర వేరు. వైన్ గురించి దేశదేశాల వాళ్లు పోగేసిన రికార్డులు, పరీక్షలు, పందేలు చదివిన కొద్దీ నాకు ఇదే లెక్క కనిపించింది. అందుకే ఈసారి వింతలు విశేషాల్ని కోటల్లోని నేలమాళిగల వైపు నుంచి కాకుండా, నెల జీతంలోంచి ఎప్పుడైనా ఒక సీసా కొనుక్కునే మనిషి వైపు నుంచి చెబుతున్నాను.

పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో స్థిరపడ్డ మన పద్మశాలి కుటుంబాలు కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి తరాలుగా వచ్చినవి. వాళ్లు వెంట తెచ్చుకున్న పానీయం కల్లు. ఇక్కడికొచ్చాక తెలిసింది దేశీ దారు. వైన్ అంటే పెద్దవాళ్ల పార్టీల్లో పొడుగు కాడ గ్లాసుల్లో పోసేదనే అభిప్రాయం చాలామందిలో ఇప్పటికీ ఉంది. కానీ దేశంలో తయారయ్యే వైన్‌లో సింహభాగం పుట్టే నేల ఈ ఊరికి సుమారు 130 కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

అన్నిటికన్నా దగ్గరిది

ముంబయి నుంచి నాశిక్ వెళ్లే పాత రహదారి భివండిని ఒరుసుకుంటూ పడ్ఘా, షహాపూర్ దాటి కసారా ఘాట్ ఎక్కుతుంది. ఇప్పుడు దానికి తోడు సమృద్ధి మహామార్గం వచ్చింది. నాగపూర్‌లో మొదలై 701 కిలోమీటర్లు సాగే ఆ రోడ్డు ముగిసేది భివండి తాలూకాలోని ఆమనే దగ్గర. ఇగత్‌పురి నుంచి ఆమనే వరకు మిగిలిన 76 కిలోమీటర్ల చివరి ముక్క 2025 జూన్ 5న తెరుచుకుంది. ఆ ముక్కలో కసారా కొండను తొలిచిన దాదాపు 8 కిలోమీటర్ల సొరంగం, తెరిచిన నాటికి మహారాష్ట్రలో అన్నిటికన్నా పొడవైన రోడ్డు సొరంగం. ఇగత్‌పురి వైపు సంజేగావ్ దగ్గర గ్రోవర్ జంపా, వలోన్ అనే వైన్ కంపెనీల ద్రాక్షతోటలు మొదలవుతాయి.

నాశిక్ ఊరి చివర గంగాపూర్ జలాశయం ఒడ్డున సులా అనే వైన్ కంపెనీ తోటలున్నాయి. ఆ జలాశయంలో ఉన్నది గోదావరి నీరు. త్ర్యంబకేశ్వరంలో పుట్టి, ముందుగా ఈ ద్రాక్షతీగల పక్కనుంచి పారి, ఆ తర్వాత ఎన్నో వందల కిలోమీటర్లు నడిచి బాసర, ధర్మపురి చేరే నది ఇదే. కరీంనగర్ నుంచి భివండికి వలసొచ్చిన వాళ్లకు ఈ సంగతి చెబితే ముఖాలు వెలిగిపోవడం నేను చూశాను.

సులా పెట్టిన రాజీవ్ సామంత్ అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ చదివి, అక్కడ ఉద్యోగం చేసి, తిరిగొచ్చి కుటుంబానికున్న భూమిలో వ్యవసాయం మొదలుపెట్టారు. అప్పటికి నాశిక్ అంటే తినే ద్రాక్షే. ఆయన 1997లో షెనిన్ బ్లాంక్, సోవిన్యాన్ బ్లాంక్ అనే ఫ్రెంచి రకాలు నాటారు. మొదటి సీసాలు 2000లో బజారుకొచ్చాయి. కంపెనీకి పెట్టింది తల్లి సులభ పేరులోని మొదటి రెండు అక్షరాలు. 2022 డిసెంబరులో ఆ కంపెనీ షేర్లు స్టాక్ మార్కెట్లోకి వచ్చాయి. 

నాశిక్‌లో ఒక వ్యవసాయ వింత ఉంది. ఐరోపాలో ద్రాక్షతీగ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో చిగురించి సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతకొస్తుంది. దక్కన్ పీఠభూమిలో తీగ నిద్రపోయేంత చలి ఉండదు. అందుకని రైతు ఏడాదికి రెండుసార్లు కత్తెర పడతాడు. వేసవిలో ఒకసారి, కొత్త కొమ్మల కోసం. వానలు వెనకబట్టాక ఇంకోసారి, గెలల కోసం. కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. అంటే ఫ్రాన్సులో తీగలు మోడుగా నిలబడి ఉండగా మన దగ్గర కొత్త వైన్ తొట్లలో పొంగుతూ ఉంటుంది. ఆ నెలల్లో నాశిక్ రాత్రులు చల్లగా, పగళ్లు వెచ్చగా ఉంటాయి. పండులో తీపి పెరుగుతూనే పులుపు చచ్చిపోకుండా నిలవడానికి ఆ తేడాయే కారణం. పులుపు నిలిచిన పండు నుంచి తాజాగా అనిపించే వైన్ వస్తుంది. నాశిక్ తెల్ల వైన్లు తక్కువ ధరలోనూ బాగుండటం వెనక ఉన్నది ఈ వాతావరణమే.

నాశిక్ కన్నా ముందు మరో ప్రయత్నం జరిగింది. పుణె జిల్లా నారాయణ్‌గావ్‌లో శామ్‌రావ్ చౌగులే 1980లలో షాతో ఇండాజ్ నెలకొల్పి, నురగలు కక్కే వైన్‌ను ఒమర్ ఖయ్యాం పేరుతో ఇంగ్లండుకు ఎగుమతి చేశారు. ఒకప్పుడు దేశంలో అతిపెద్ద వైన్ కంపెనీ అదే. అప్పుల్లో కూరుకుపోయి 2010 ప్రాంతంలో మూతపడింది. దానికి పండు అమ్మిన రైతుల కష్టం ఇప్పటికీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు.

అన్నిటికన్నా ఖరీదైనది, అన్నిటికన్నా పేరుపడ్డ చవకది

2018 అక్టోబరులో న్యూయార్క్‌లో సోత్‌బీస్ వేలంలో ఫ్రాన్సులోని రొమానే కాంటీ తోట నుంచి వచ్చిన 1945 నాటి సీసా ఒకటి 5,58,000 డాలర్లకు పోయింది. అప్పటి మారకంలో 4 కోట్ల రూపాయలకు పైమాటే. మామూలు సైజు సీసాకు వేలంలో అప్పటిదాకా అంత ధర ఎక్కడా పలకలేదు. వేలంవాళ్లు ముందుగా వేసుకున్న అంచనా 32,000 డాలర్లు. ఆ ఏడాది ఆ తోటలో తయారైనవి 600 సీసాలే. ఆ తర్వాత ముసలి తీగల్ని పీకేసి కొత్తవి నాటారు. కొన్నవాళ్లు ఎవరైనా దాన్ని తాగుతారని నేననుకోను. అంత ధర పెట్టింది అరుదుతనానికి, చరిత్రకు. నాలుక్కి అందులో వాటా ఉందో లేదో సీసా తెరిచేదాకా ఎవరికీ తెలియదు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్న రికార్డు రెండో కొసన ఉంది. కాలిఫోర్నియాలో చార్లెస్ షా అనే ఆయన పెట్టిన ఒక వైన్ కంపెనీ దివాలా తీస్తే, ఫ్రెడ్ ఫ్రాంజియా అనే వ్యాపారి ఆ పేరును మాత్రం కొనుక్కున్నాడు. పేరును కొన్నేళ్లు అలాగే పెట్టుకుని, 2002లో ద్రాక్ష పంట అమెరికాలో అవసరాన్ని మించి పండి ధరలు పడిపోయినప్పుడు బయటికి తీశాడు. ట్రేడర్ జోస్ అనే దుకాణాల్లో సీసా 1.99 డాలర్లు. జనం ముద్దుగా రెండు డాలర్ల చక్ అన్నారు. తేలిక సీసాలు, సొంత తోటలు, సొంత బాట్లింగు, సొంత లారీలు, ప్రకటనల ఖర్చు దాదాపు సున్నా. ధర తగ్గించింది ఇవే. ఆ పేరుతో అమ్ముడైన సీసాలు వంద కోట్లు దాటాయి.

2004లో అమెరికాలో జరిగిన ఇంటర్నేషనల్ ఈస్టర్న్ వైన్ కాంపిటిషన్‌లో సుమారు 2,300 వైన్లు పోటీకొచ్చాయి. లేబుళ్లు దాచి రుచి చూసిన న్యాయనిర్ణేతలు 2002 నాటి చార్లెస్ షా షిరాజ్‌కు డబుల్ గోల్డ్ పతకం ఇచ్చారు. 2007లో దాని షార్డొనే కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో తన తరగతిలో మొదటి స్థానం కొట్టింది. అక్కడ పోటీపడ్డవాటిలో పదింతలు, ఇరవయ్యింతలు ధరవి కూడా ఉన్నాయి. ఫ్రాంజియా 2022లో కన్నుమూశాడు. ఏ సీసా అయినా పది డాలర్లు దాటాల్సిన పనిలేదని బతికినన్నాళ్లూ వాదించాడు. ఆయన వ్యాపార పద్ధతుల మీద విమర్శలున్నాయి, కేసులూ నడిచాయి. ఆ ఒక్క వాదన మాత్రం సామాన్యుడి పక్షాన నిలబడినదని నేను నమ్ముతాను.

చవక వైన్‌కు ఇంకో ఉపకారి ఆస్ట్రేలియాలోని థామస్ ఆంగోవ్. అట్టపెట్టెలో ప్లాస్టిక్ సంచి పెట్టి, దాన్నిండా వైన్ నింపి అమ్మే పద్ధతికి ఆయన 1965లో పేటెంటు తీసుకున్నాడు. వైన్ తగ్గిన కొద్దీ సంచి ముడుచుకుపోతుంది, లోపలికి గాలి చొరదు, అందుకే తెరిచాక కూడా వారాలు నిలుస్తుంది. గాజు ఖర్చు మిగిలింది, రవాణా బరువు తగ్గింది.

కళ్లకు గంతలు కట్టినప్పుడు

ఈ విభాగంలో ఉన్నవి రికార్డులు కావు, పరీక్షలు. నా దృష్టిలో రికార్డులకన్నా విలువైనవి.

2001లో ఫ్రాన్సులో బోర్డో విశ్వవిద్యాలయంలో ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు వైన్ చదువు చదువుతున్న 54 మందికి రెండు గ్లాసులిచ్చాడు. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. తెలుపును తెల్ల వైన్‌కు వాడే మాటలతో, ఎరుపును ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వాళ్లు వర్ణించారు. రెండు గ్లాసుల్లోనూ ఉన్నది ఒకే తెల్ల వైన్. రెండోదాంట్లో రుచీ వాసనా లేని ఎర్ర రంగు కలిపాడు, అంతే.

2008లో అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు ఆరు వేలకు పైగా రుచి పరీక్షల ఫలితాలు పోగేశారు. తాగేవాళ్లకు ధర తెలియదు, పేరు తెలియదు. ప్రత్యేక శిక్షణ లేని మామూలు మనుషులకు ఖరీదైన వైన్ చవకదానికన్నా ఎక్కువగా నచ్చలేదు. నిజానికి ఒక పిసరు తక్కువే నచ్చింది. శిక్షణ ఉన్నవాళ్లలో ఫలితం కొంచెం ఖరీదైనదాని వైపు మొగ్గింది. అంటే ఖరీదైన వైన్లలో ఏమీ ఉండదని కాదు. అందులో ఉన్నదాన్ని పట్టుకోవాలంటే ఏళ్ల సాధన కావాలి. ఆ సాధన లేనివాడు ఆ డబ్బు పెట్టనక్కర్లేదు, అందుకు సిగ్గుపడనూ అక్కర్లేదు.

అదే ఏడాది కాలిఫోర్నియాలో జరిగిన మరో పరీక్ష ఇంకా లోతుకు వెళ్లింది. ఇరవై మందిని మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి గొట్టం ద్వారా కాబర్నే సోవిన్యాన్ వైన్లు ఇచ్చారు. ఒకే వైన్‌ను ఒకసారి తక్కువ ధర చెప్పి, ఇంకోసారి ఎక్కువ ధర చెప్పి తాగించారు. ఎక్కువ ధర విన్నప్పుడు బాగుందని నోటితో చెప్పడమే కాదు, మెదడులో సుఖాన్ని నమోదు చేసే భాగం కూడా ఎక్కువగా వెలిగింది. వాళ్లు అబద్ధం ఆడలేదు. ధర వాళ్ల రుచినే మార్చేసింది.

ఇక న్యాయనిర్ణేతల సంగతి. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ఆచార్యుడికి కాలిఫోర్నియాలో చిన్న వైనరీ ఉంది. తన వైన్ ఒక పోటీలో పతకం కొట్టి ఇంకో పోటీలో ఊసులో లేకుండా పోవడం ఆయనకు అంతుపట్టలేదు. నిర్వాహకుల అనుమతితో రాష్ట్ర ప్రదర్శన న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోని వైన్‌ను మూడుసార్లు, మిగతా గ్లాసుల మధ్య దాచి ఇప్పించాడు. మూడుసార్లూ దగ్గరదగ్గరగా మార్కులేసినవాళ్లు పదిమందిలో ఒక్కరే. సీసా మీద అంటించిన బంగారు పతకం బిళ్లను చూసి డబ్బు పెట్టేముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోవాలి.

అన్నిటికన్నా త్వరగా తయారయ్యేది

వైన్ అంటే పండు రసం గానీ చెట్టు రసం గానీ పులిసి మత్తెక్కడమే అనుకుంటే, ప్రపంచంలో అన్నిటికన్నా తొందరగా సిద్ధమయ్యే వైన్ మనవాళ్లదే. తాటిచెట్టు గెల నుంచి, ఈతచెట్టు కాండం నుంచి కారే తియ్యటి రసం లొట్టిలో పడుతుండగానే పులవడం మొదలవుతుంది. గాలిలో, లొట్టి గోడల్లో ఉండే ఈస్టు దానికి చాలు. పొద్దున దింపింది సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. సున్నం రాసిన లొట్టిలో పడితే పులవకుండా నీరాగా మిగులుతుంది. తెలంగాణలో గౌడన్నలు చేసే పనినే ఈ కొంకణ తీరంలో భండారీలు చేస్తారు. ఇక్కడ కల్లును తాడి అనీ, కొబ్బరిచెట్టు నుంచి తీస్తే మాడి అనీ అంటారు.

ఇక నిదానంగా తయారయ్యేది కావాలంటే ఫ్రాన్సు తూర్పున ఉన్న జురా కొండల దగ్గరికి పోవాలి. అక్కడి పసుప్పచ్చ వైన్‌ను చట్టం ప్రకారం ఆరేళ్ల మూడు నెలలు పూర్తయితే గానీ అమ్మకూడదు. పీపాలో తగ్గిపోయిన వైన్‌ను మళ్లీ నింపకుండా, పైన ఈస్టు పొర కట్టనిచ్చి అలాగే వదిలేస్తారు. లీటరు పోస్తే చివరికి మిగిలేది 620 మిల్లీలీటర్లని లెక్కగట్టి సీసా కూడా ఆ కొలతకే చేశారు.

నాణ్యమైన కల్లు దొరికినంతకాలం భివండి తెలుగువాళ్లకు వైన్ అవసరం రాలేదనే చెప్పాలి. పట్టణాల్లో చెట్లు తగ్గి, దుకాణాల్లో క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన నకిలీ కల్లు వచ్చాకే అసలు నష్టం మొదలైంది. తెలంగాణలోనూ, మహారాష్ట్రలోనూ ఈ కల్తీకి ప్రాణాలు పోయాయి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మద్యం ఎంత తక్కువ తాగినా పూర్తిగా సురక్షితం అనదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఎర్ర వైన్ గుండెకు మందు అనే మాటను నమ్మి ఎవరూ కొత్తగా మొదలుపెట్టవద్దు. పన్నెండు గంటల షిఫ్టు చేసి, పగారులో సగం తాగుడుకు పోగొట్టుకున్న ఇళ్లు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. ఈ వ్యాసం ఇప్పటికే తాగేవాళ్ల కోసం. వాళ్లు తక్కువ తాగాలని, తాగినది మంచిదై ఉండాలని నా కోరిక.

అన్నిటికన్నా పాతవి

ద్రాక్ష వైన్‌కు ఇప్పటిదాకా దొరికిన అతి పాత రుజువు జార్జియా దేశంలో తవ్వి తీసిన మట్టికుండ పెంకుల మీద ఉంది. క్రీస్తుకు పూర్వం 6000 నాటిది. 2017లో ఆ సంగతి బయటపడింది. వైన్ ద్రవంగానే మిగిలి దొరికిన అతి పాత ఉదాహరణ స్పెయిన్‌లోని కర్మోనాది. 2019లో ఒక ఇంటివాళ్లు మరమ్మతు చేయిస్తుంటే రోమన్ల కాలపు సమాధి బయటపడింది. అందులోని గాజు పాత్రలో చనిపోయిన మనిషి అస్థికలతో పాటు ఎర్రటి ద్రవం ఉంది. అది రెండు వేల ఏళ్ల నాటి తెల్ల వైన్ అని 2024లో తేల్చారు. బతికున్న ద్రాక్షతీగల్లో పెద్దవయసు స్లొవేనియాలోని మారిబోర్ పట్టణపు తీగది, నాలుగు వందల ఏళ్లు దాటింది. ఇప్పటికీ కాస్తోంది.

తెలుగువాళ్ల వాటా

హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్ష అంటే అనాబ్-ఎ-షాహి. పొడుగాటి, లేత పసుపు పండు. 1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ ఆ రకాన్ని నగరానికి తెచ్చారు. అది తినే పండు, వైన్‌కు అంతగా నప్పదు. అంతకుముందే, 1883 చివర కలకత్తాలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో భారతీయ వైన్లు పెట్టారు. తర్వాతి దశాబ్దంలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు దేశంలోని వైన్ తోటల్ని తుడిచిపెట్టింది.

ఇప్పటి కాలంలో తెలుగువాళ్ల పేరు వైన్ పటంలో పెట్టింది హైదరాబాద్ దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ. గ్రాన్యూల్స్ ఇండియా మందుల కంపెనీ వాళ్లది. కర్ణాటకలో హంపి కొండల దగ్గర వాళ్లు నాటిన తోట క్రిస్మా. పేరులో ఇద్దరి పేర్లూ కలిశాయి. ఈ దంపతులకు ఇంకో విశేషం ఉంది: ఏడు ఖండాల్లోనూ, ఉత్తర ధ్రువం దగ్గరా మారథాన్లు పరుగెత్తి గిన్నిస్ పుస్తకానికెక్కారు. వాళ్ల వైన్ బాగుంటుంది, కానీ ధర సామాన్యుడి రోజువారీ సీసా ధర కాదు.

మన నేతవాళ్లకు భివండి ఎంతో సోలాపూర్ కూడా అంతే. దుప్పట్లకు పేరుపడ్డ ఆ ఊళ్లో పద్మశాలీల సంఖ్య చాలా పెద్దది. అదే జిల్లాలో అక్లూజ్ దగ్గర ఉంది ఫ్రాటెల్లి అనే వైన్ కంపెనీ. 2007లో మూడు జతల అన్నదమ్ములు కలిసి దాన్ని పెట్టారు. ఇటలీ నుంచి సెక్కీలు, ఢిల్లీ నుంచి సేఖ్రీలు, అక్లూజ్ నుంచి మోహితే పాటిల్‌లు. చెరకు తోటల మధ్య ఇటలీ రకం సాంజొవేసే పండించడం సాహసమే. ఎర్ర వైన్ ఇష్టపడేవాళ్లకు వాళ్ల తక్కువ ధర సీసాలు కూడా పరీక్షించదగ్గవని నా అభిప్రాయం.

ఐదు రూపాయల కాగితం

1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం ఇప్పటికీ రద్దు కాలేదు. దాని ప్రకారం మహారాష్ట్రలో మద్యం తాగాలంటే పర్మిట్ ఉండాలి. ఒక్కరోజు పర్మిట్ ధర చాలా ఏళ్లుగా ఐదు రూపాయలు, దేశీ దారుకైతే రెండు, జీవితాంతానికి వెయ్యి. ఇంత చవకైన, ఇంతమంది మరచిపోయిన ప్రభుత్వ కాగితం ఇంకొకటి ఉండదేమో. వయసు విషయంలోనూ ఇక్కడ తేడా ఉంది. వైన్‌కు, బీరుకు 21 ఏళ్లు, విస్కీ లాంటివాటికి 25. గాంధీజీ ఆశ్రమమున్న వార్ధా జిల్లాలో, గడ్చిరోలిలో మద్యమే నిషేధం.

వైన్‌ను మాత్రం ఈ రాష్ట్రం రైతు పంటగా చూసింది. 2001లో తెచ్చిన ద్రాక్ష విధానంతో ఇక్కడి పండుతో తీసిన వైన్‌కు ఎక్సైజు మాఫీ చేసింది. తర్వాత 20 శాతం వ్యాట్‌లో 16 శాతం తయారీదారుకు తిరిగిచ్చే పద్ధతి పెట్టింది. అందుకే మహారాష్ట్ర సీసా మహారాష్ట్రలో చవక. సరిహద్దు దాటి పోతే ఆ రాష్ట్రపు పన్నులు కలుస్తాయి. 2022 జనవరిలో పెద్ద కిరాణా దుకాణాల్లో కూడా వైన్ అమ్మవచ్చని మంత్రివర్గం తీర్మానించింది. అన్నా హజారే నిరాహార దీక్షకు దిగుతానన్నారు, జనంలోనూ వ్యతిరేకత వచ్చింది, అది అమలు కాలేదు.

విదేశీ సీసాల కథ వేరు. వాటి మీద చాలా ఏళ్లపాటు కస్టమ్స్ సుంకం 150 శాతం. 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాతో అమల్లోకొచ్చిన ఒప్పందంలో సుంకం తగ్గించారు గానీ, సీసా దిగుమతి ధర ఐదు డాలర్లు అంతకుమించి ఉంటేనే ఆ తగ్గింపు. చవక సీసాలు అందులో లేవు. సామాన్యుడు తాగే వైన్‌ను ఒప్పందం రాసినవాళ్లు బయటే వదిలేశారు. ఇది నాకు న్యాయంగా తోచలేదు. ఫలితంగా ఇక్కడ పన్నెండు, పదిహేను వందలు పెట్టి కొనే విదేశీ సీసా తన దేశంలో కిరాణా కొట్టు అరల్లో ఉండే మామూలు వైన్ అయి ఉంటుంది. ఆ డబ్బులో పెద్ద భాగం పన్నులకూ ఓడ కిరాయికీ పోయింది. అంత డబ్బుకు నాశిక్ సీసాలో వచ్చేది అంతకన్నా మెరుగు.

సీసా వెనక ఏం చదవాలి

సులా తన షేర్ల పత్రాల్లో దేశీయ వైన్‌ను ధరనుబట్టి నాలుగు వాటాలు చేసింది. 400 రూపాయల లోపు, 400 నుంచి 700, 700 నుంచి 950, ఆపైన. అట్టడుగున ఉండేవి పోర్ట్ పేరుతో వచ్చే తియ్యటి ఎర్ర వైన్లు. పోర్చుగల్ పోర్ట్‌కూ వీటికీ పేరులోనే చుట్టరికం. కొత్తగా తాగేవాళ్లకు మొదట నచ్చేవి ఇవే, అందులో తప్పేమీ లేదు. కానీ తీపి కింద ఎన్నో లోపాలు దాగిపోతాయి. రెండో వాటాలో సులా వాళ్ల మదేరా లాంటివి, డియా పేరుతో డబ్బాల్లో వచ్చే నురగ వైన్లు ఉంటాయి. డబ్బా ఒక్కరికి సరిపడేంత ఉంటుంది, మిగిలిపోయి పాడయ్యేదుండదు. నా ఓటు మాత్రం మూడో వాటాకు. షెనిన్ బ్లాంక్, జిన్‌ఫాండెల్ రోజే, షిరాజ్ కాబర్నే అక్కడ దొరుకుతాయి. డబ్బుకు దక్కే రుచి అన్నిటికన్నా ఎక్కువ ఉండేది ఆ మెట్టు మీదే.

లేబుల్ వెనక వైపు తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. వైన్ పాతబడితే మంచిదన్న మాట ఈ ధరలో వర్తించదు. తెల్లది, గులాబీది ఏడాదిన్నర దాటితే వద్దనండి. ఎర్రది రెండు మూడేళ్ల వరకు పర్వాలేదు. బిరడా బదులు తిప్పే మూత ఉంటే తక్కువరకం అనుకోవద్దు, ఈ ఎండల ఊరికి అదే నయం. బిరడా ఎండిపోతే గాలి చొరబడుతుంది. భివండిలో వైన్‌కు పెద్ద శత్రువు ఉక్కపోత. ఏసీ లేని దుకాణంలో పై అరలో, ట్యూబులైటు కింద నెలల తరబడి నిలబడ్డ సీసా ఎంత మంచి కంపెనీదైనా లోపల ఉడికిపోయి ఉంటుంది. వేగంగా అమ్ముడయ్యే దుకాణం చూసుకోండి, ఎక్కువ అమ్ముడయ్యే రకమే అడగండి. పేరులేని గొప్ప సీసాకన్నా నిన్న లారీ దిగిన మామూలు సీసా మేలు. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లోనే పెట్టండి, ఎర్రదాన్ని కూడా. తాగడానికి పావుగంట ముందు బయటికి తీస్తే చాలు.

ఇక మన తిండి సంగతి. మిరపకారానికీ ఎర్ర వైన్‌లోని వగరుకూ పడదు, వగరు కారాన్ని ఎగదోస్తుంది. చేపల పులుసు, నాటుకోడి కూర, సర్వపిండి ఉన్న పూట కాస్త తీపి అంటుకున్న షెనిన్ బ్లాంక్ బాగా చల్లగా తాగితే కారం అణుగుతుంది, చింతపండు పులుపుకు వైన్ పులుపు జత కలుస్తుంది. భివండి హోటళ్లలో దొరికే నల్లీ నిహారీ, దమ్ బిర్యానీలాంటి కొవ్వున్న మాంసానికి షిరాజ్ సరిపోతుంది, అక్కడ వగరు పనికొస్తుంది. స్టీలు గ్లాసు కాకుండా ఏదైనా గాజు గ్లాసు తీసుకుని సగానికి తక్కువ పోయండి, వాసన తెలియడానికి పైన ఖాళీ కావాలి. 750 మిల్లీలీటర్ల సీసాలో అయిదు గ్లాసులొస్తాయి, నలుగురైదుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి బిర్యానీ ప్లేటు ఖర్చు పడుతుంది. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. తెల్లది మూడు రోజులు, ఎర్రది రెండు రోజులు ఆగుతుంది. ఆ తర్వాత కూడా మిగిలితే మాంసం నానబెట్టడానికి వాడుకోవచ్చు.